జిగురు ఆరేదాకా ఆగండి: సైకిల్ ట్యూబులర్ టైర్ల మీద ఈ నెల ప్రశ్నలు

ప్రశ్న: అన్నా, మా బావ అమెరికా నుంచి వచ్చేస్తూ తన పాత రోడ్ బైక్ నాకిచ్చేశాడు. అల్యూమినియం రిమ్ములు. వెనక టైరు రోజూ గాలి దిగిపోతోందని మా గల్లీలో పంక్చర్ షాపుకు తీసుకెళ్తే ఆయన లివర్ పెట్టి పావుగంట కుస్తీ పట్టి, "దీనికి ట్యూబే లేదు సార్, అంతా అతుక్కుపోయి ఉంది" అని చేతులెత్తేశాడు. తర్వాత తెలిసింది, ఇవి ట్యూబులర్ టైర్లంట. కొత్తవి తెప్పిస్తే ఇంట్లో నేనే వేసుకోగలనా? – మియాపూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ట్యూబు ఉంది తమ్ముడూ, లోపల పెట్టి కుట్టేశారు, అందుకే కనపడట్లేదు. కజ్జికాయ చేసేటప్పుడు లోపల కొబ్బరి పెట్టి అంచులు కలిపి నొక్కేస్తారు చూడు, అలాగే పల్చటి ట్యూబు చుట్టూ టైరు గుడ్డ చుట్టి, లోపలివైపు దారంతో కుట్టి, ఆ కుట్టు మీద ఒక గుడ్డ పట్టీ అంటిస్తారు. ఆ పట్టీనే బేస్ టేప్ అంటారు. మామూలు టైరు అంచుల్లో తీగ ఉంటుంది, అది రిమ్ము కొక్కేల్లో ఇరుక్కుని నిలబడుతుంది. దీనికి తీగ లేదు, నీ రిమ్ముకి కొక్కేలూ లేవు, పైభాగం చిన్న కాలవలా కాస్త పల్లంగా ఉంటుంది, అంతే.

మరి టైరు దేన్ని పట్టుకుని ఉంటుంది అంటే గాలి ఒకటి, జిగురు ఒకటి. టైరు గుడ్డలో దారాలు ఏటవాలుగా ఉంటాయి, గాలి కొట్టినప్పుడు టైరు లావెక్కి చుట్టుకొలత తగ్గాలని చూస్తుంది, దాంతో రిమ్మును గట్టిగా బిగించేస్తుంది. గాలి పోతే ఆ బిగువూ పోతుంది, అప్పుడు నిన్ను కాపాడేది జిగురొక్కటే. మలుపులో పంక్చరైతే టైరు ఊడి చేతికొస్తుందా, రిమ్మునే పట్టుకుని ఉంటుందా అన్నది నువ్వు వారం ముందు బాల్కనీలో చేసిన పని మీద ఉంటుంది. ఇంట్లో చేసుకోగలవా అంటే, హాయిగా చేసుకోవచ్చు. కష్టమైన పనేం కాదు, ఓపిక పని. మొత్తం నాలుగైదు రోజులు పడుతుంది, అందులో చేతులాడేది రెండు గంటలుంటే ఎక్కువ.

కొనేటప్పుడు టైరు మీద 28 అని కనపడితే కంగారు పడకు, ట్యూబులర్లలో 28 అంటే రోడ్డు సైకిళ్లకి మామూలుగా ఉండే 700సి సైజు చక్రమే, పక్కనుండే 23, 25 అనేవి మిల్లీమీటర్లలో వెడల్పు. ముందు పాత టైరు ఊడపీకాలి. గాలంతా తీసేసి, వాల్వుకి ఎదురుగా ఉన్న చోట రెండు బొటనవేళ్లతో ఒక పక్క నుంచి నెట్టు. చచ్చినా రావట్లేదంటే సంతోషించు, ఎవరో బాగా అంటించారు. ఇట్టే ఊడొచ్చిందంటే మాత్రం ఇన్నాళ్లూ దేవుడి దయ వల్ల తిరిగావన్నమాట. స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, ప్లాస్టిక్ లివర్ చాలు.

తర్వాత కొత్త టైరుని జిగురు లేకుండా ఉత్త రిమ్ము మీదే ఎక్కించి, నిండా గాలి కొట్టి రెండు రోజులు ఒక మూల పెట్టెయ్. ఇది చాలామంది ఎగ్గొట్టే పని. కొత్త ట్యూబులర్ కొత్త తోలు చెప్పు లాంటిది, కాస్త సాగితే గానీ మాట వినదు. జిగురు పూశాక మొదటిసారి ఎక్కించబోతే అది ఎక్కదు, నీ చేతులు, చొక్కా, గోడ, అన్నీ జిగురవుతాయి.

అది సాగాక తీసి పక్కన పెట్టి, రిమ్ము సంగతి చూడు. పాత జిగురు పల్చగా, నున్నగా ఉంటే అలాగే ఉంచెయ్యొచ్చు, దాని మీద కొత్తది బాగా పడుతుంది. గడ్డలు కట్టి, పెచ్చులూడుతూ ఉంటే గీకేసి అసిటోన్‌తో తుడిచెయ్. గోళ్ల రంగు తుడిచే సీసా కాదు, అందులో నూనెలూ సెంట్లూ కలుపుతారు, హార్డ్‌వేర్ షాపులోనో కెమికల్స్ షాపులోనో ఉత్త అసిటోన్ అడుగు. కొత్త అల్యూమినియం రిమ్ము అయితే ఉప్పు కాగితంతో పైపైన ఒకసారి రుద్ది తుడవాలి. కార్బన్ రిమ్ము ఉన్నవాళ్లు ఉప్పు కాగితం జోలికి పోవద్దు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుచుకుంటే చాలు. బ్రేకు పట్టే పక్కల మీద మాస్కింగ్ టేప్ అంటించుకో, అక్కడ జిగురు పడితే బ్రేకు సరిగ్గా పట్టదు.

ఇప్పుడు జిగురు. విట్టోరియా మాస్టిక్ వన్ గానీ కాంటినెంటల్ వాళ్లది గానీ తెప్పించుకో. మాస్టిక్ 30 గ్రాముల ట్యూబు వస్తుంది, చక్రానికి ఒకటి అని లెక్కేసుకో. అరంగుళం పెయింట్ బ్రష్‌తో రిమ్ము మొత్తం పల్చగా ఒక పూత, అంచుల దాకా వెళ్లాలి, ఎందుకంటే టైరు ఊడటం అంచు దగ్గరే మొదలవుతుంది. ఒక రోజు ఆరనిచ్చి రెండో పూత. టైరు బేస్ టేప్ మీద కూడా ఒక పూత వేసి ఆరనివ్వాలి, కాస్త గాలి కొట్టి పెడితే టైరు లోపలి వైపు బయటికి తిరిగి పూయడానికి వీలుగా ఉంటుంది. మళ్లీ ఒక రోజు. ఆఖర్న రిమ్ముకి ఇంకో పల్చటి పూత వేసి, అది తడిగా ఉండగానే టైరు ఎక్కించెయ్యాలి.

ఎక్కించడం ఇలా: చక్రాన్ని నేల మీద నిలబెట్టి వాల్వు రంధ్రం పైకి పెట్టు. టైరులో కొంచెం గాలి ఉండాలి, ఆకారం నిలబడేంత. వాల్వు దూర్చి, దానికి రెండు పక్కలా టైరుని పట్టుకుని కిందికి లాగుతూ, సాగదీస్తూ, రెండు చేతులూ సమానంగా దిగాలి, ఒంటి బరువు వేసి మరీ లాగు. కింద ఆఖరి జానెడు మిగిలినప్పుడు చక్రం ఎత్తి పొట్టకి ఆనించుకుని ఆ ముక్కని బొటనవేళ్లతో ఒక్కసారిగా పైకి నెట్టెయ్. అందుకే పాత టీషర్టు వేసుకోమనేది. కింద న్యూస్‌పేపర్ మాత్రం పరవొద్దు, టైరుకి జిల్లా వార్తలన్నీ అతుక్కుంటాయి, పాత పాలిథిన్ షీట్ వేసుకో.

తర్వాత చక్రం తిప్పి చూడు. రిమ్ము అంచు దాటి బేస్ టేప్ రెండు పక్కలా ఒకే మందాన కనపడాలి, ఒకచోట ఎక్కువ ఇంకోచోట తక్కువ ఉంటే టైరు పాములా ఊగుతుంది. జిగురు తడిగా ఉన్న పది పదిహేను నిమిషాల్లోనే సర్దుకోవాలి. నచ్చాక 100 పీఎస్ఐ దాకా గాలి కొట్టి (టైరు మీద రాసిన గరిష్ఠం దాటకుండా), ఒక రోజు దాన్ని ముట్టుకోకు.

ఆ ఒక్కరోజు దగ్గరే నేను మొదటిసారి బోల్తా పడ్డాను. ఆదివారం అనంతగిరి రైడ్ ఉందని శనివారం సాయంత్రం మూడు పూతలూ వరసపెట్టి వేసి పొద్దున్నే వెళ్లిపోయాను. తిరిగొచ్చి చూస్తే నిటారుగా ఉండాల్సిన వాల్వు ఒక పక్కకి వాలిపోయి ఉంది. అంటే బ్రేకు వేసినప్పుడల్లా టైరు రిమ్ము మీద కొంచెం కొంచెం జరుగుతూ వచ్చిందన్నమాట, ఇంకొంచెం జరిగితే వాల్వు మొదట్లో తెగేది. వాల్వు వంకర కనపడితే మాత్రం ఆ చక్రం మీద అడుగు ముందుకెయ్యొద్దు.

ఇంకోటి, జిగురూ అసిటోనూ ఇట్టే అంటుకుంటాయి, వాసన తలకెక్కుతుంది. వంటగది పక్కన వద్దు, దేవుడి గదిలో దీపం ఉంటే అటూ వద్దు. బాల్కనీ మంచిది, గ్లవుజులు వేసుకో, ఫ్యాన్ గాలికి దుమ్ము లేస్తుంది కాబట్టి పూతలు ఆరేదాకా అది ఆపెయ్.

ప్రశ్న: జిగురు గొడవ లేకుండా టేపు దొరుకుతుంది అంటున్నారు, అది వేసుకోవచ్చా? మా వైజాగ్ గాలిలో తేమకి జిగురు ఆరుతుందా అని ఇంకో అనుమానం. – విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ

జవాబు: ఆరుతుందండీ, వానాకాలంలో ఇంకొంచెం టైమివ్వండి, అంతే. తడి రిమ్ము మీద మాత్రం పూయకండి, రోజంతా ఇంట్లో ఉంచి పొడిగా తుడిచాక మొదలుపెట్టండి.

టేపు సంగతికొస్తే, టూఫో వాళ్లదీ, ఎఫెట్టో మారిపోసా వాళ్ల కరోన్యా అనేదీ మంచి పేరున్నవే. రెండు వైపులా జిగురుండే పట్టీ, చుట్టూ అంటించి టైరు ఎక్కించడమే, వారమంతా పట్టదు, చేతులకి అంటదు. కిటుకు ఎక్కడంటే పైన ఉండే ప్లాస్టిక్ పొరలో. దాన్ని ముందే పీకేశారో, టైరు తగిలిన చోట తగిలినట్టే పట్టేసుకుంటుంది, సర్దడానికి ఉండదు. పొర ఉండగానే దాని కొసలు మాత్రం పక్కకి మడిచి బయటికి వదిలి, టైరు ఎక్కించి, కొంచెం గాలి కొట్టి, మధ్యకి వచ్చిందో లేదో చూసుకుని, అప్పుడు ఆ కొస పట్టుకుని టైరు కింద నుంచి పొరని చుట్టూ లాగెయ్యాలి. అది సర్రున వచ్చేస్తుంటే భలే ఉంటుంది, మధ్యలో తెగితే ఏడుపొస్తుంది, అందుకే నిదానంగా లాగండి.

పాత జిగురు మీద టేపు వెయ్యకండి, అదంతా పూర్తిగా పోవాలి. టైరు మార్చేటప్పుడు టేపు జిడ్డు పీకడం పెద్ద నరకం, అరపూట పోతుంది. ఏడాదికో టైరు మార్చేవాళ్లకి టేపు బాగానే ఉంటుంది. నా ఓటు ఇప్పటికీ జిగురుకే, అలవాటైన పని కదా.

ప్రశ్న: ఆ విదేశీ జిగురు తెప్పించాలంటే డబ్బులూ వారాలూ పడుతున్నాయి. పంక్చర్ సొల్యూషనో ఫెవిక్విక్కో వాడితే ఏమవుతుంది సార్? – అనంతపురం

జవాబు: పడతారు సార్.

కొంచెం వివరంగా చెప్తాను. పంక్చర్ సొల్యూషన్ రబ్బరుకి రబ్బరుని అతికించడానికి చేసింది, ఇక్కడ మనం అతికించేది గుడ్డకి లోహాన్ని. ఫెవిక్విక్ ఆరాక గాజులా పెళుసైపోతుంది. టైరు గుంతలో పడ్డప్పుడల్లా నొక్కుకుని లేస్తుంటుంది, పెళుసు జిగురు దానికి ఆగదు, పటపట పగిలిపోతుంది. రిమ్ము జిగురు ఆరినా కొంచెం సాగుతూ జిడ్డుగానే ఉంటుంది, అందుకే పట్టు వదలదు. తెల్ల ఫెవికాల్ చెక్క పనికి. చెప్పులకి వాడే రబ్బరు జిగుర్లు మొదట్లో గట్టిగానే పట్టినట్టు అనిపిస్తాయి గానీ అవి ఈ పనికి చేసినవి కావు, బ్రేకు వేడికి ఏమవుతాయో రోడ్డు మీద తెలుసుకోవడం నాకైతే ఇష్టం లేదు. ఐదారుగురు కలిసి ఒకేసారి ఆర్డర్ పెట్టుకోండి, మీ ఊళ్లో రోడ్ బైకులోళ్లు ఉన్నారు కదా.

ప్రశ్న: నేను వారానికోసారి హార్స్‌లీ హిల్స్ ఎక్కి దిగుతాను. దిగేటప్పుడు రిమ్ములు వేడెక్కితే జిగురు కరిగి టైరు ఊడుతుందని ఒకాయన భయపెట్టాడు. నిజమేనా? నాది రిమ్ బ్రేకు. – మదనపల్లె

జవాబు: ఆయన భయపెట్టలేదు, ఉన్న మాటే చెప్పాడు. రిమ్ బ్రేకులో ప్యాడ్ల రాపిడి వేడంతా రిమ్ముకే వెళ్తుంది, జిగురుండేదేమో ఆ రిమ్ము మీదే. అల్యూమినియం వేడిని తొందరగా గాలికి వదిలేస్తుంది, కార్బన్ వదలదు, అందుకే కార్బన్ రిమ్ములకి కాంటినెంటల్ వాళ్లు వేరే జిగురే అమ్ముతారు. డిస్క్ బ్రేకు బండికి ఈ బాధ లేదు, వేడి డిస్కుకే పోతుంది.

జిగురు మెత్తబడితే టైరు మొత్తం ఒకేసారి ఎగిరిపోదు. ముందు జరుగుతుంది, వాల్వు వాలుతుంది, ఆ స్థితిలో చక్రం జారి అడ్డం తిరిగితే అప్పుడు పక్కకి ఊడుతుంది. 2003 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు చూసినవాళ్లకి స్పెయిన్ రైడర్ జోసెబా బెలోకి పడటం గుర్తుండే ఉంటుంది. జులై 14, గాప్ ఊళ్లోకి దిగే రోడ్డు, ఎండకి తారు కరిగి ఉంది. ముందు సంవత్సరం టూర్‌లో రెండో స్థానంలో వచ్చినవాడు, ఆ రోజుకీ ఆర్మ్‌స్ట్రాంగ్ వెనకాల రెండో స్థానంలోనే ఉన్నాడు. బ్రేకు వేస్తే వెనక చక్రం జారింది, టైరు రిమ్ము మీంచి ఊడింది, మనిషి తుంటి మీద పడి తొడ ఎముక, మోచెయ్యి, మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వెనకే ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ తప్పించుకోవడానికి రోడ్డు వదిలి పొలంలోకి దిగి, అడ్డంపడి కింద మలుపు దగ్గర మళ్లీ రోడ్డెక్కాడు. (ఆర్మ్‌స్ట్రాంగ్ టూర్ టైటిళ్లన్నీ తర్వాత డోపింగ్ కేసులో పోయాయి, అది వేరే కథ.) ప్రపంచంలో మంచి మెకానిక్కులు అంటించిన టైరుకే అలా అయింది, ఎండ, తారు, బ్రేకు మూడూ కలిస్తే.

దిగేటప్పుడు బ్రేకుని పట్టుకుని వేలాడకండి. మలుపుకి ముందు గట్టిగా వేసి వేగం తగ్గించి, మలుపులో వదిలెయ్యండి, ఆ వదిలిన కాసేపే రిమ్ము చల్లారేది. రెండు బ్రేకులూ వాడండి. మే నెలలో మధ్యాహ్నం దిగొద్దు. ఇంకోటి చాలామందికి తట్టదు, చక్రాల్ని ఎండలో ఆపిన కారు డిక్కీలో వదలకండి, మన వేసవికి బ్రేకు వెయ్యకుండానే జిగురు మెత్తబడుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ట్రాక్ సైక్లింగ్ నేర్చుకుంటోంది, ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్‌లో ప్రాక్టీస్. సీనియర్ ఒకరు వాళ్ల పాత చక్రాలు ఇచ్చారు, టైర్లు అంటించే ఉన్నాయి. బాగున్నాయో లేదో నాకెలా తెలియాలి? సైకిళ్ల గురించి నాకేం తెలియదండీ. – నిజామాబాద్ నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, చపాతీ పిండి నొక్కి చూసే చేతులు చాలు దీనికి. టైర్లలో గాలంతా తీసెయ్యండి. చక్రం ఒళ్లో పెట్టుకుని రెండు బొటనవేళ్లతో టైరుని ఒక పక్క నుంచి గట్టిగా నెట్టండి, అంగుళం అంగుళం చొప్పున చుట్టూ, తర్వాత రెండో పక్క నుంచి. ఎక్కడైనా టైరు కింద గుడ్డ పట్టీ రిమ్ము మీంచి లేచి సందు కనపడిందా, అక్కడ జిగురు పోయినట్టే. వాల్వు చుట్టుపక్కల ఇంకొంచెం శ్రద్ధగా చూడండి, అక్కడ బ్రష్ సరిగ్గా తిరగదు, చాలామంది పల్చగా వదిలేస్తారు. నెట్టేటప్పుడు ఎండుటాకు నలిగినట్టు చిటపట చప్పుడొచ్చినా జిగురు ఎండిపోయిందని అర్థం. టైరు పక్కల్లో దారాలు బయటపడితే ఆ టైరు వద్దు.

నా సలహా అయితే, అవెప్పుడు అంటించారో తెలియకపోతే పరీక్ష నెగ్గినా సరే ఊడపీకి మళ్లీ అంటించండి. ట్రాక్ బండికి బ్రేకులు ఉండవు కాబట్టి వేడి గొడవ లేదు, కానీ ఆ వాలు గోడ మీద వేగంగా తిరుగుతుంటే టైరుని పక్కకి తోసే బలం చాలా ఉంటుంది. పిల్ల పడేది గట్టి నేల మీద.

ఒక ముచ్చట చెప్తాను. పాతరోజుల్లో ట్రాక్ వాళ్లు టైర్లు షెల్లాక్‌తో అంటించేవాళ్లు, అంటే మన లక్కే, లాడ్ బజార్‌లో గాజులు చేసే లక్క శుభ్రం చేస్తే వచ్చేదే. రోడ్డు జిగురు జిడ్డుగా ఉండటంతో టైరు దాని మీద కొంచెం కదులుతూ బలం తినేస్తుంది, లక్క రాయిలా గట్టిపడితే ఆ కదలిక ఉండదు. మీరు మాత్రం పైన చెప్పిన రిమ్ము జిగురే వాడండి.

ప్రశ్న: 200 కిలోమీటర్ల బ్రెవేకి (టైము లోపల పూర్తిచేసే దూరపు సైకిల్ రైడ్) ట్యూబులర్లతో వెళ్దామనుకుంటున్నా. దారిలో పంక్చరైతే పరిస్థితి ఏంటి? – రాజమండ్రి

జవాబు: దారిలో పంక్చరైతే టైరు మొత్తం మార్చాలండీ, ట్యూబు ఒక్కటీ మార్చడానికి ఉండదు. సీటు కింద ఇంకో టైరు మడిచి కట్టుకోవాలి, అది కూడా ఊరికే కొత్తది కాదు, ముందే ఒకసారి జిగురు పూసి ఆరినదో, వాడి తీసినదో అయ్యుండాలి, అప్పుడే రిమ్ము మీది పాత జిగురుతో కలిసి కాస్తయినా పడుతుంది. జిగురు వైపు లోపలికి వచ్చేట్టు మడవండి, లేకపోతే దారిపొడుగునా ఇసక అంటుకుంటుంది. అలా మార్చిన టైరు మీద మలుపుల్లో హీరోయిజం వద్దు, మెల్లగా ఇంటికొచ్చి మళ్లీ సరిగ్గా అంటించుకోండి. చిన్న ముల్లు గుచ్చుకుంటే సీలెంట్ (లోపల్నుంచి కన్నం పూడ్చే ద్రవం) కాపాడుతుంది, వాల్వు లోపలి కోర్ ఊడేది అయితే అందులోంచి 20, 30 మిల్లీలీటర్లు పోసుకోవచ్చు. మీవి లోతు రిమ్ములైతే వాల్వు పొడవు పెంచడానికి బిగించే ఎక్స్‌టెండర్ మరలకి ప్లంబర్లు వాడే తెల్ల టేపు రెండు చుట్లు చుట్టండి, గాలి దిగదు.

నిజం చెప్పాలంటే బ్రెవేకి ట్యూబ్‌లెస్ వేసుకోవడమే సుఖం, ఈమధ్య ప్రో టీములు కూడా చాలామటుకు అటే వెళ్లిపోయాయి. అయినా మనసు పడ్డారు కాబట్టి ఇది కూడా నేర్చుకోండి: పంక్చరైన టైరుని పారెయ్యకండి. కన్నం ఎదురుగా బేస్ టేప్ ఒక బెత్తెడు లేపి, కింద కుట్లు మూడంగుళాలు కత్తిరించి, ట్యూబు బయటికి లాగి, ప్యాచ్ వేసి, మళ్లీ అవే కన్నాల్లోంచి గట్టి దారంతో కుట్టి, టేప్ అతికించెయ్యడమే. మా నానమ్మ బొంతలు కుట్టే సూది నా టూల్ బ్యాగులోనే ఉంటుంది. కుట్టేటప్పుడు ట్యూబుకీ కుట్టుకీ మధ్యలో సన్నటి అట్టముక్క దూర్చండి, నేను మొదటిసారి అది పెట్టకుండా కుట్టి ఒక పంక్చర్‌ని మూడు చేసుకున్నాను.